తెలుగు వికీపీడియాలో ఆరు నెలలు రాశాను: రాయడం ఎంతవరకు వచ్చింది?

నమస్తే అండి. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. నా వీడియోల్లో ఎప్పుడూ మన ఓరుగల్లు గుళ్లు, చెరువులే చూస్తుంటారు. ఈసారి రివ్యూ వేరే దాని మీద. నెట్‌లో తెలుగు బాగా రాయాలంటే ఎక్కడ నేర్చుకోవాలని చాలామంది అడుగుతున్నారు. నేను ఆరు నెలలుగా తెలుగు వికీపీడియాలో రాస్తున్నాను. పైసా ఖర్చు లేదు. చదువుకునే చోటుగా అది అందరికీ తెలుసు. రాయడం నేర్పే బడిగా ఎలా ఉందో ఈ రోజు చెప్తాను.

ముందు నేనెందుకు వెళ్లానో చెప్పాలి. రామప్ప గుడి మీద ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు రాశాను. శిల్పకళా వైభవానికి నిలువుటద్దం, అపురూప ఆలయం, ఇలా పది లైన్లు. మా అమ్మ మొత్తం చదివి, "అపురూపం అపురూపం అంటివి, ఇంతకీ ఆ గుడిల ఏముందిరా?" అని అడిగింది. నా దగ్గర జవాబుంది. పోస్టులోనే లేదు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ఖాతా తెరిస్తే మీకంటూ ప్రయోగశాల అని ఒక పేజీ ఉంటుంది. తప్పులు రాసుకోవడానికే ఆ పేజీ. టెన్షన్ పడకుండా పది రోజులు అక్కడే రాయండి.

అసలు చదువు మాత్రం వ్యాసంలోకి దిగాకే. స్క్రీన్ మీద చూడండి. పేజీ చరిత్ర నొక్కి రెండు కూర్పులను పోల్చి చూస్తే పాతదీ కొత్తదీ పక్కపక్కన కనిపిస్తాయి. ఎడమ పక్కన నేను రాసింది: "ఈ మహోన్నత ఆలయం క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రునిచే నిర్మించబడినది." కుడి పక్కన ఇంకొకరు దిద్దింది: "గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడిని కట్టించాడు."

ఈ రెండు వాక్యాలనీ నేను ఎన్నిసార్లు చదివానో! "మహోన్నత" పోయింది. దాని బదులు రుద్రుడు ఎవరో తెలిసింది. "నిర్మించబడినది" పోయి "కట్టించాడు" వచ్చింది. ఇంట్లో ఎవరమైనా అన్నం వండబడినది అంటామా? అమ్మ అన్నం వండింది అంటాం. ఇంగ్లీషు నుంచి దించిన వాక్యాలు చదివీ చదివీ ఈ "బడు" మన చేతికి అంటుకుంది. ఆ రోజు నా పాత పోస్టులన్నీ తెరిచి, "బడింది" అని ఉన్న ప్రతిచోటా ఎవరు చేశారో వెతికి రాసుకున్నాను. కొన్నిచోట్ల ఎవరు చేశారో నాకే తెలియదు. తెలియనిది దాచిపెట్టడానికి కూడా ఆ "బడు" పనికొస్తోందన్నమాట.

ఇంకోటి. రామప్ప ఇటుకలు నీళ్లలో తేలుతాయి, వాటి రహస్యం శాస్త్రవేత్తలకే అంతుచిక్కలేదు అని రాశాను. ఆధారం చూపమని గుర్తు పెట్టారు. వెతికితే ఆ అంతుచిక్కకపోవడానికి ఏ ఆధారమూ దొరకలేదు. ఎవరో చెప్తే విన్నదే. దొరికింది వేరే: 2021లో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన యునెస్కో వివరణలో, పైకప్పు మీద బరువు తగ్గేలా శిఖరాన్ని సన్న రంధ్రాలున్న తేలికైన ఇటుకలతో కట్టారని ఉంది. నేను ముందు రాసిన దాంట్లో వింత ఉంది, కట్టినవాళ్ల ఆలోచన లేదు. ఇప్పుడు ఉంది. మా అమ్మ అడిగింది ఇదే కదా.

పుస్తకంలోది ఉన్నదున్నట్టు దించడం అక్కడ కుదరదు. చదివి, పుస్తకం మూసి రాయాలి.

ఇక లోటు సంగతి. అక్కడ "నేను చూశాను" అనడానికి లేదు. అమ్మ మాట పెట్టడానికి లేదు. మన యాసకూ చోటు లేదు. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే నేల ఇది. ఇక్కడి మాట ఇక్కడివాళ్లే రాయాలి. అందుకని అక్కడ వాక్యం నేర్చుకుని, సొంత గొంతుతో రాసేది సొంత పేజీలోనే రాస్తున్నాను. ఇంకో ఇబ్బంది: మీరు రాసింది వారాల తరబడి ఎవరూ చూడకపోవచ్చు. అలాంటప్పుడు రచ్చబండ అనే చర్చా పేజీలో అడగండి, అనుభవం ఉన్నవాళ్లు చెప్తారు.

వ్యాసాలు, సమాచారం రాసేవాళ్లు తప్పకుండా చేరండి. కవితలు, కథలు రాసేవాళ్లకు ఒక నెల చాలు.

నా ప్రయోగశాలలో ఇప్పుడు మన హన్మకొండ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం గురించి రాస్తున్నాను. 1904లో స్థాపించారని మొదటి వాక్యం. మూడో వాక్యంలో "ఎందరికో జ్ఞానభిక్ష పెట్టిన" అని రాసి కొట్టేశాను. ఎవరెవరు అక్కడ చదువుకున్నారో తెలియాలి కదా. రేపు పొద్దున అక్కడికే వెళ్తున్నాను, వాళ్లు అచ్చువేసిన పాత సంచికలు ఏమైనా ఉన్నాయేమో అడుగుతాను.