సివిక్‌కి లావు స్వే బార్ వేయించా: ఆ కిర్రు కిర్రు ఒక్కటీ తప్ప!

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ రాడ్డు నాకు కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. బిగించిన కూలి మాత్రం నా జేబులోంచే పోయింది. ఏ స్టీలు, ఎంత లావు, రేటెంత... అవన్నీ మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు, నేను వాటి జోలికి పోను. మూడు నెలలు నడిపాక నాకు ఏమనిపించిందో అదే చెప్తా.

కారు తెలుసుగా, మన పాత సివిక్. 2006లో ఇండియాకి వచ్చిన ఆ షేపు. స్పీడ్ బ్రేకర్ కనపడితే చాలు, కడుపు గీసుకుంటుందేమోనని ఊపిరి బిగబట్టి దాటించే కారు. దీనికి వెనక ఉన్న స్టెబిలైజర్ రాడ్డు తీసి లావుది వేయించా. ఎడమ, కుడి చక్రాలని కలుపుతూ, మలుపులో కారు మరీ ఒరగకుండా చూసే స్టీలు కడ్డీ అన్నమాట. మెకానిక్ షాపులో 'స్వే బార్' అంటే ఎవరికీ అర్థం కాదు, స్టెబిలైజర్ రాడ్డు అనండి.

లావు అనగానే ఒక్క లెక్క చెప్పాలి. అదే స్టీలు, అదే ఆకారం, 20 మిల్లీమీటర్ల రాడ్డు బదులు 22ది వేశారనుకోండి. చూడ్డానికి రెండు మిల్లీమీటర్లే తేడా. కానీ మెలితిప్పితే ఎదురుతిరిగే బలం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే దాదాపు 46 శాతం ఎక్కువ. అందుకే 'రెండు మిల్లీమీటర్లకి ఏమొస్తుంది బ్రో' అని కామెంట్ పెట్టకండి.

సరే, డ్రైవింగ్‌కి వద్దాం. శ్రీశైలం వెళ్లా. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపులు ఉంటాయి చూడండి, అక్కడ ఈ కారుతో నాకు ఎప్పుడూ ఒకటే గొడవ. స్టీరింగ్ తిప్పుతా, కారు ఒక పక్కకి ఒరుగుతుంది, ఒక క్షణం ఆలోచించుకుంటుంది, తర్వాత తిరుగుతుంది. కాస్త స్పీడుగా వెళ్తే ముక్కు లోపలికి రాకుండా బయటికే పోతుంది. అండర్‌స్టీర్ అంటాం కదా, అది. ఈసారి ఆ ఆలోచించుకోవడం లేదు! తిప్పితే తిరిగింది. నాకు నవ్వొచ్చేసింది. కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి కాబట్టి రేసులేం చేయలేదు, కానీ మామూలు స్పీడులోనే తెలిసిపోతుంది.

ఎందుకలా? రాడ్డు పట్టు పెంచుతుంది అనుకుంటారు చాలామంది. కాదు. మలుపులో బరువు బయటి చక్రాల మీదకి వచ్చి తీరుతుంది, దాన్ని ఏ రాడ్డూ ఆపలేదు. ఆ వచ్చే బరువులో ముందు టైర్ల వాటా ఎంత, వెనక టైర్ల వాటా ఎంత అన్నదే రాడ్డు మారుస్తుంది. టైరు మీద లోడు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. వెనక రాడ్డు గట్టిదైతే ఆ భారం ఎక్కువ వెనక పడి, ముందు రెండు టైర్లూ కాస్త సమంగా పనిచేస్తాయి. ముక్కు లోపలికొస్తుంది. అంతే కథ.

దీనికో రేటు కూడా ఉంది. వానలో మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే, ఇప్పుడు వెనక భాగం జారడానికి రెడీగా ఉంటుంది. రాడ్డు చివర రెండు రంధ్రాలుంటాయి. లోపలిది గట్టి, చివరిది మెత్తన. వానాకాలం మొత్తం నేను చివరి దాంట్లోనే ఉంచా. వెనక టైర్లు అరిగిపోయి ఉంటే అసలు ఈ వీడియో మర్చిపోయి మొదట వాటిని మార్పించుకోండి.

బిగించడం పెద్ద పనేం కాదు అనుకుని మొదట ఇంటి దగ్గర నేనే మొదలెట్టా. ఒక పక్క జాకీ ఎత్తి లింక్ రాడ్డు (పెద్ద రాడ్డు చివరని చక్రం వైపు కలిపే చిన్న కడ్డీ) పెడుతుంటే బోల్టు రంధ్రంలోకి రాదే! గంట కుస్తీ పట్టా. తర్వాత వెలిగింది, ఒక పక్కే ఎత్తితే రాడ్డు మెలిపడి కూర్చుంటుంది. రెండు పక్కలా సమంగా ఉండాలి. అన్నీ మూట కట్టుకుని మెకానిక్ అన్న దగ్గరికెళ్తే, 'యూట్యూబ్‌లో చెప్పలేదా' అన్నాడు.

ఇప్పుడు అసలు బాధ. బ్రేకు కొట్టినప్పుడు, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు రెండు చక్రాలూ కలిసి కదులుతాయి, అప్పుడు రాడ్డు మెలిపడదు, బుష్‌లో (రాడ్డుని కారుకి పట్టి ఉంచే రబ్బరు లాంటి తొడుగులో) ఊరికే తిరుగుతుంది. ఆ ఊరికే తిరగడమే నా పరువు తీసింది. దీంతో ఇచ్చినవి రబ్బరు బుష్‌లు కాదు, పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి దాంతో చేసినవి. గ్రీజు ఆరిందా, కిర్రు... కిర్రు... పాత ఇంటి తలుపులా. మొదట డిక్కీలో ఎలుక దూరిందనుకున్నా. స్టెప్నీ తీసి, సామానంతా కింద పెట్టి వెతికా. ఇప్పుడు అపార్ట్‌మెంట్ ముందు స్పీడ్ బ్రేకర్ దాటగానే వాచ్‌మన్ గేటు తీసేస్తున్నాడు, హారన్ అవసరం లేదు. సిలికాన్ గ్రీజు పెడితే మూడు వారాలు నిశ్శబ్దం, మళ్లీ మొదలు. ప్యాకెట్‌లో ఇచ్చిన గ్రీజు ఎంతనుకున్నారు? హోటల్లో సాంబారు అడిగితే విసుక్కుంటూ వేసే గరిటెడు కూడా లేదు. ఇంత డబ్బు తీసుకునేవాళ్లు ఇంకో ట్యూబు వేస్తే ఏం పోతుంది?

ఇంకోటి, ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రానికీ ఆ కబురు అందుతుంది. వెనక సీట్లో అమ్మ కూర్చుంటే, 'ఏంట్రా, తల అటూ ఇటూ కొడుతోంది' అంది. అదే అమ్మ ఘాట్‌లో మాత్రం ఈసారి వాంతి అనలేదు. లెక్క ఎటు వేసుకుంటారో మీ ఇష్టం.

నేను ఇంతకుముందు చేసిన పిచ్చి పనులు పాత సబ్‌స్క్రైబర్లకి తెలుసు. స్విఫ్ట్‌కి స్ప్రింగులు దించి ప్రతి వీధిలో కింద గీయించుకున్నా. తర్వాత బానెట్ కింద మెరిసే స్ట్రట్ బార్ (ముందు రెండు సస్పెన్షన్ల పై భాగాలని కలిపే కడ్డీ) వేశా, ఫోటోలు బాగా వచ్చాయి, కారు మారలేదు. చేయించిన మార్పు చేతికి తెలిసింది మొదటిసారి దీంతోనే. అందుకే కిర్రుమన్నా సరే, తీయను. సిటీలో ఆఫీసుకి వెళ్లొచ్చే కారైతే మాత్రం మీకెందుకండీ? వారంటీ ఉన్న కొత్త కారైతే సర్వీస్ వాళ్లనీ ఇన్సూరెన్స్ వాళ్లనీ అడిగాకే చెయ్యి వేయండి.

నిన్ననే రాడ్డు కంపెనీ వాళ్లు మెసేజ్ పెట్టారు, ముందు వైపు రాడ్డు కూడా పంపిస్తాం, ఇంకో వీడియో చేయమని. వద్దన్నా. ముందు గట్టిపడితే ఆ ముక్కు మళ్లీ బయటికే పోతుంది. దాని బదులు గ్రీజు ట్యూబులు రెండు పంపమన్నా. ఇంకా రిప్లై లేదు.