బృహద్ధమని ఆపరేషన్ తర్వాత బిడ్డకు పాలు ఎందుకు ఆలస్యం చేస్తారు?

నమస్కారం. గుండె నుంచి శరీరమంతటికీ రక్తం తీసుకెళ్లే ప్రధాన రక్తనాళమైన బృహద్ధమని ఒకచోట సన్నబడిందని, అంటే కోఆర్క్టేషన్ ఉందని తేలిన పసిబిడ్డకు ఆపరేషన్ పూర్తయ్యాక, ఐసీయూ బయట తల్లి మొదట అడిగేది పాలు ఎప్పుడు పట్టవచ్చు అనే. సమాధానం చాలాసార్లు "ఇంకా ఆగాలి" అనే వస్తుంది. ఆకలితో ఏడుస్తున్న బిడ్డను చూస్తూ ఈ మాట వినడం కష్టమే, కానీ దాని వెనుక బలమైన కారణం ఉంది.

సాధారణంగా బృహద్ధమని నుంచి ఎడమ చేతికి వెళ్లే రక్తనాళం మొదలయ్యే చోటు దాటగానే, పుట్టుకకు ముందు డక్టస్ అనే నాళం కలిసే చోట ఈ ఇరుకు ఏర్పడుతుంది. అందువల్ల తలకు, చేతులకు ఎక్కువ ఒత్తిడితోనూ, పేగులకు, మూత్రపిండాలకు, కాళ్లకు తక్కువ ఒత్తిడితోనూ రక్తం అందుతుంది. ఎడమవైపు పక్కటెముకల మధ్య నుంచి వెళ్లి, సర్జన్ ఆ ఇరుకు భాగాన్ని కోసి తీసేసి, రెండు కొసలనూ కలిపి కుడతారు. అప్పటిదాకా తక్కువ ఒత్తిడికి అలవాటుపడిన పేగుల రక్తనాళాల్లోకి ఒక్కసారిగా బలమైన ప్రవాహం వస్తుంది.

అడ్డు తొలగింది కనుక రక్తపోటు వెంటనే తగ్గాలని ఎవరైనా అనుకుంటారు. జరిగేది తరచుగా దీనికి విరుద్ధం. మొదటి రోజు అడ్రినలిన్ వంటి హార్మోన్ల వల్ల, ఆ తర్వాత మూత్రపిండాలు విడుదల చేసే రెనిన్ వల్ల రక్తపోటు పెరుగుతుంది. దానిని అదుపు చేయకపోతే పేగుల రక్తనాళాలు వాచి, పొట్ట ఉబ్బి, నొప్పి పుట్టి, అరుదుగా పేగు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. పెద్ద పిల్లలతో పోలిస్తే నెలలోపు శిశువుల్లో ఇది తక్కువే అయినా, ఎస్మోలాల్ వంటి మందులతో రక్తపోటును నియంత్రిస్తూ, పొట్ట మెత్తగా ఉందని నిర్ధారించుకున్నాకే పాలను కొద్దికొద్దిగా మొదలుపెడతారు. ఆపరేషన్‌కు ముందే షాక్‌లోకి, అంటే అవయవాలకు రక్తం సరిపడా అందని స్థితిలోకి వెళ్లిన బిడ్డల పేగులు, మూత్రపిండాలు కోలుకోవడానికి మరికొంత సమయం పడుతుంది.

పాలు మొదలయ్యాక గమనించవలసినవి రెండు. బిడ్డ ఏడుపు బొంగురుగా ఉండి, తాగేటప్పుడు పొలమారుతుంటే, బృహద్ధమనిని చుట్టి వెళ్లే స్వరనాడి ఒత్తిడికి గురై ఉండవచ్చు. ఆపరేషన్ తర్వాత ఛాతీలోని ద్రవం బయటికి పోవడానికి అమర్చిన గొట్టంలో పాలలా తెల్లటి ద్రవం వస్తుంటే అది శోషరసం, అంటే పేగుల నుంచి కొవ్వును మోసుకెళ్లే ద్రవం కారడం. అప్పుడు కొన్నాళ్లు ప్రత్యేకమైన కొవ్వుతో తయారైన పాలు ఇస్తారు.

ఇంటికి వచ్చాక, మన ఇళ్లలో పెద్దవాళ్లకు ముందుగానే చెప్పి ఉంచవలసిన విషయం ఒకటుంది. గాయం పూర్తిగా మానేవరకు బిడ్డను రెక్కలు పట్టుకుని లేపకూడదు. ఒక చేయి మెడ కింద, మరో చేయి పిరుదుల కింద ఉంచి ఎత్తాలి. డాక్టరు అనుమతించేదాకా నూనె మర్దనా, కాళ్ల మీద పడుకోబెట్టి లాల పోయడమూ ఆపాలి.

ఇరుకు మళ్లీ ఏర్పడే అవకాశం చిన్న వయసులో ఆపరేషన్ జరిగినవారిలో ఎక్కువ, అందులోనూ మొదటి సంవత్సరంలో. అందుకే ప్రతి పరీక్షలోనూ కుడి చేతిలోనూ, ఒక కాలిలోనూ రక్తపోటు కొలవమని అడగండి. ఎడమ చేతి కొలత నమ్మదగినది కాకపోవచ్చు, ఎందుకంటే కొన్ని ఆపరేషన్లలో ఆ చేతి నాళాన్నే మరమ్మతుకు వాడతారు. కాలి కంటే చేతిలో 20 మిల్లీమీటర్లకు మించి ఎక్కువ ఉంటే ఎకో (గుండె స్కాన్) చేసి, అవసరమైతే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. డిశ్చార్జి పత్రంలో ఈ రెండు కొలతలూ, బృహద్ధమని కవాటానికి మూడు రేకులున్నాయా, రెండేనా అన్నదీ రాయించుకోండి. ఈ బిడ్డల్లో చాలామందికి రెండు రేకుల కవాటమే ఉంటుంది, దానికి విడిగా ఏళ్ల తరబడి పరీక్షలు అవసరమవుతాయి.