పువ్వు కనిపిస్తుంది, పనితనం కనిపించదు: ఐరోపా అలంకార కళ, ఇస్లామిక్ దేశాల చేతిపని

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఈ ఎర్ర పట్టు పైవస్త్రాన్ని చూడండి. వియన్నాలో పాత చక్రవర్తుల ఖజానా మ్యూజియంలో ఉంది. పరిస్తే అర్ధచంద్రాకారం. మధ్యలో ఖర్జూరపు చెట్టు, దానికి అటూ ఇటూ రెండు సింహాలు, ఒక్కోటీ ఒక ఒంటెను పడగొట్టి మీదెక్కి ఉంది. అంతా బంగారు దారం పని, ముత్యాలు. అంచు పొడుగునా కూఫీ అనే పాత కోణాల లిపిలో అరబ్బీ అక్షరాలున్నాయి. రాజుకు సిరిసంపదలు కలగాలని దీవెన, చివర్లో తయారైన ఊరు, సంవత్సరం. ఊరు సిసిలీలోని పలెర్మో. సంవత్సరం హిజ్రీ 528, అంటే 1133-34. చేయించుకున్నది ఏ సుల్తానో కాదు, రెండో రోజర్ అనే క్రైస్తవ రాజు. తర్వాత ఇది జర్మన్ చక్రవర్తుల చేతికొచ్చింది. వందల ఏళ్లపాటు పవిత్ర రోమన్ చక్రవర్తులు పట్టాభిషేకానికి దీన్నే కప్పుకున్నారు. భుజాల మీద హిజ్రీ సంవత్సరం, చెయ్యి మాత్రం సువార్తల పుస్తకం మీద!

క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య క్రూసేడ్లనే మతయుద్ధాలు జరిగిన కాలంలో ఇదెలా కుదిరిందని చాలామంది అడుగుతారు. యుద్ధం యుద్ధమే, బేరం బేరమే. మంచి పట్టు, మంచి ఇత్తడి సామాను, మంచి గాజు ఎక్కడ దొరికితే అక్కడ కొనుక్కున్నారు. దాని మీద ఏం రాసుందో పట్టించుకున్నవాళ్లు తక్కువ. 8వ శతాబ్దంలో ఇంగ్లండులో మెర్సియా రాజు ఆఫా ఒక బంగారు నాణెం కొట్టించాడు. అది అబ్బాసీ ఖలీఫా అల్-మన్సూర్ దీనారుకు నకలు. హిజ్రీ 157 అన్న తేదీతో సహా దించేశారు. మధ్యలో ‘ఆఫా రెక్స్’ అని లాటిన్‌లో రాజు పేరు చేర్చారు. అరబ్బీ వాక్యాలకు అది తలకిందులుగా పడింది. ఆ అరబ్బీలో ఉన్నది ఇస్లాం మత ప్రమాణ వాక్యం. పాపం, ఆఫాకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఫ్లారెన్స్‌లో జెంతిలే ద ఫాబ్రియానో 1423లో పూర్తి చేసిన చిత్రం ఒకటుంది. ముగ్గురు జ్ఞానులు బాలయేసును దర్శించుకునే ఘట్టం. అందులో మేరీమాత తల వెనుక కాంతివలయాన్ని దగ్గర్నుంచి చూస్తే అక్షరాల్లాంటివి కనిపిస్తాయి. అరబ్బీలాగే ఉంటాయి గానీ చదవబోతే మాట కుదరదు. తూర్పు నుంచి వచ్చిన పట్టుబట్టల అంచులు, ఈజిప్టు, సిరియాలను ఏలిన మమ్లూకుల ఇత్తడి పళ్లేల మీది రాతలు చూసి చూసి చెయ్యి అలవాటు పడింది, అంతే.

ఈ విషయం మీద మాట్లాడేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. లతలు, నక్షత్రాల అల్లికలు, అర్థం కాని అక్షరాలు, ఇదే ప్రభావం అంటారు. నా ఉద్దేశంలో ఇది పైపై సంగతి. కంటికి కనిపించే పువ్వును ఎవరైనా చూసి వేసుకోగలరు. ఐరోపా అసలు అప్పు పనితనంలో ఉంది. కుండల సంగతి చూస్తే అది తెలుస్తుంది. అందుకే దాని మీదే కాస్త ఎక్కువసేపు ఉంటాను.

9వ శతాబ్దం, ఇరాక్‌లోని బస్రా. చైనా నుంచి తెల్లటి గిన్నెలు ఓడల్లో వచ్చి దిగుతున్నాయి. అలాంటి తెల్లమట్టి అక్కడి కుమ్మరులకు లేదు, అంత వేడి అందుకునే బట్టీలూ లేవు. దాంతో వాళ్లు ఇంకో దారి పట్టారు. పాత్రకు పూసి కాలిస్తే గాజులా మెరిసే పూతను గ్లేజు అంటారు. వాళ్లు సీసపు గ్లేజులో తగరం కలిపారు. తగరం కలిస్తే గ్లేజు పారదర్శకంగా ఉండదు, పాలలా తెల్లబడుతుంది. మట్టిగోడకు సున్నం కొట్టినట్టు పసుపురంగు మట్టి దాని కింద దాగిపోయింది. పైన నున్నటి తెల్లటి నేల, దాని మీద ఏ బొమ్మైనా వేసుకోవచ్చు.

అక్కడితో ఆగలేదు. ఒకసారి కాల్చి, గ్లేజు పూసి రెండోసారి కాల్చిన పాత్ర మీద వెండి, రాగి సమ్మేళనాలను కావిమట్టితో నూరి, పలచన చేసి కుంచెతో పూలు వేశారు. మూడోసారి బట్టీలో పెట్టారు. ఈసారి మంట చిన్నది, పొగ మాత్రం దట్టంగా ఉండాలి. గాలి ఆడకుండా చేస్తే ఆ పొగ సమ్మేళనంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, గ్లేజు పైపొరలో శుద్ధ లోహం మిగులుతుంది. బట్టీ లోంచి తీసినప్పుడు పాత్ర మసిపట్టి, బురద అంటుకుని అసహ్యంగా ఉంటుంది. గుడ్డ పెట్టి ఆ కావిమట్టిని రుద్దేస్తే అడుగున పూలు బంగారంలా మెరుస్తాయి. గుండుసూదంత బంగారం కూడా వాడలేదు! పొగ కాస్త తగ్గితే రంగు రాదు, కాస్త ఎక్కువైతే నల్లబడిపోతుంది.

ఈ విద్య ఈజిప్టు మీదుగా స్పెయిన్‌కు చేరింది. ముందు మాలగా, తర్వాత వాలెన్సియా పక్కనున్న మనీసెస్. అక్కడ క్రైస్తవ ప్రభువుల కింద ముస్లిం కుమ్మరులు చక్రం తిప్పారు. 15వ శతాబ్దంలో ఫ్లారెన్స్ ధనిక కుటుంబాలు తమ వంశచిహ్నాలు గీయించి మరీ అక్కడి నుంచి పళ్లేలు తెప్పించుకున్నాయి. ఫ్లారెన్స్‌ను శాసించిన మెదీచీ కుటుంబం చిహ్నమున్న రెక్కల కూజా ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పాత్ర మీద ఇటాలియన్ దర్పం, చేసింది మాత్రం ముస్లిం చెయ్యి.

కొన్నాళ్లకు ఇటలీ వాళ్లే నేర్చుకున్నారు. దెరూతా, గుబ్బియో అనే ఊళ్లు ఈ మెరుపు పనికి పేరుపడ్డాయి. వేరే ఊళ్లలో బొమ్మలు వేసిన పళ్లేలను కూడా చివరి మెరుపు కోసం గుబ్బియోలోని జోర్జో ఆంద్రేయోలికి పంపేవాళ్లు. 1550ల్లో ఇటాలియన్ కుమ్మరి విద్య మీద గ్రంథం రాసిన పికోల్‌పాస్సో, వందింట్లో ఆరు బాగా రావడం కూడా కష్టమని రాశాడు. బట్టీ తెరిచే రోజు వాళ్ల టెన్షన్ ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇటలీ కుమ్మరులు కొందరు 16వ శతాబ్దం మొదట్లో ఆంట్‌వెర్ప్ వెళ్లి స్థిరపడ్డారు. ఆ విద్య అక్కడి నుంచి హాలండు చేరింది. డెల్ఫ్ట్ నీలి పలకలు మీరందరూ చూసే ఉంటారు, కనీసం వాటి ఫోటో ఉన్న ఫ్రిజ్ మాగ్నెట్ అయినా. ఆ నీలిబొమ్మలు చాలావరకు చైనాను చూసి వేసినవి. వాటి కింది తెలుపు బస్రాది. చైనాను అనుకరించబోయి బస్రా కనిపెట్టిన ఉపాయంతోనే, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత డచ్చివాళ్లు చైనాను అనుకరించారు.

పుస్తకాల అట్టల మీద వేడి ముద్రలతో బంగారు రేకు అద్దడం కూడా అటునుంచి వచ్చిందే, దాని వివరాల్లోకి వెళ్లను. గాజు కథ మాత్రం తమాషాగా ఉంటుంది. గాజు మీద రంగుల గాజుపొడితో బొమ్మలు వేసి కాల్చే ఎనామెల్ పనిలో సిరియా, ఈజిప్టు పనివాళ్లది పైచెయ్యి. తర్వాత ఆ విద్య అందుకున్న వెనిస్ ఎంత ముందుకెళ్లిందంటే, 1569లో ఆటోమన్ ప్రధాన వజీరు సొకొల్లు మెహ్మద్ పాషా 900 మసీదు దీపాలకు వెనిస్‌కే ఆర్డరిచ్చాడు.

మన తీరం సంగతి కూడా చెప్పాలి. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు అద్దకం బట్టలు తీసుకెళ్లాయి. వాటి మీది లతల్లో పర్షియా వాసన బాగానే ఉంది. అయినా దీన్ని పూర్తిగా ఇస్లామిక్ ఖాతాలో వేయను. పువ్వు పర్షియాదైనా, కరక్కాయతో, పటికతో, చిరివేరు ఎరుపుతో ఉతికినా పోని రంగు నిలబెట్టిన విద్య మన అద్దకం వాళ్లది. ఐరోపా వాళ్లు పువ్వును ఇట్టే దించుకున్నారు గానీ రంగు నిలపడం చాలాకాలం చేతకాలేదు. వాళ్ల నేతగాళ్ల గొడవ భరించలేక ఫ్రాన్స్ 1686లో ఈ బట్టల్ని నిషేధించింది. తెలుగు బాగా నేర్చిన ఫ్రెంచి పాదిరి కూర్దూ 1742లో ఈ అద్దకం పద్ధతంతా విచారించి, ఒక్కో మెట్టూ ఉత్తరంలో రాసి పంపాడు.

19వ శతాబ్దానికి వస్తే ఓవెన్ జోన్స్ అనే బ్రిటిష్ వాస్తుశిల్పి. 1834లో జూల్ గూరీ అనే ఫ్రెంచి మిత్రుడితో కలిసి స్పెయిన్‌లోని గ్రనడాలో ముస్లిం రాజుల పాత కోట అల్‌హంబ్రా గోడల్ని అంగుళం అంగుళం నకలు తీశాడు. గూరీ అక్కడే కలరాతో చనిపోయాడు. జోన్స్ ఆ పని కొనసాగించి రంగుల్లో అచ్చు వేయించాడు. 1851 లండన్ ప్రదర్శన భవనానికి లోపలి రంగులు నిర్ణయించిందీ ఆయనే. చాలా గొప్ప పని, కాదనను. కానీ ఆయన పుస్తకాల నుంచి ఫ్యాక్టరీలకు చేరింది మళ్లీ పువ్వే. అందులోని నమూనా చూసి వాల్‌పేపరూ వేసుకోవచ్చు, టీకప్పూ వేసుకోవచ్చు.

నాకు విలియం డి మోర్గన్ అనే ఇంగ్లీషు కుండల కళాకారుడు ఎక్కువ నచ్చుతాడు. అప్పటికి ఇంగ్లండులో ఆ మెరుపు విద్య తెలిసినవాళ్లు లేరు. పాత పాత్రల్ని చూస్తూ లండన్‌లో తను ఉన్న ఇంట్లోనే బట్టీ పెట్టి ప్రయోగాలు చేశాడు. 1872లో ఇంటి పైకప్పు తగలబెట్టుకుని వేరే చోటికి మారాడు. చివరికి సాధించాడు. చిత్రకారుడు లేటన్ తన ఇంట్లో కట్టించిన అరబ్ హాలుకు డమాస్కస్ నుంచి పాత పలకలు వచ్చాయి. తక్కువ పడ్డచోట డి మోర్గన్ చేసినవి పెట్టారు. పక్కపక్కనే ఉన్నా తేడా పట్టుకోవడం కష్టం. 1892లో ఒక బహిరంగ ఉపన్యాసంలో మెరుపు పాత్రల పద్ధతి అందరికీ చెప్పేశాడు. ఆ పని మీద మాత్రం డబ్బు మిగలలేదు. 1907లో కుండల కార్ఖానా మూసేశాడు. ఆ రోజుల్లోనే నవలలు రాయడం మొదలుపెట్టాడు, అవి బాగా అమ్ముడుపోయాయి.

అరబ్ హాలు స్లైడ్ మళ్లీ వేస్తున్నాను. ఏ పలక డమాస్కస్‌ది, ఏది డి మోర్గన్‌ది అనిపిస్తుందో చెప్పండి, అక్కణ్నుంచి ప్రశ్నల్లోకి వెళ్దాం.