ఇసేలో దర్శనం ఉండదు

అందరికీ నమస్కారం.

జపాన్‌లోని షింతో మతపు పెద్ద పుణ్యక్షేత్రం ఇసే జింగూ వెళ్లొచ్చిన మనవాళ్లు చాలామంది అనే మాట: "అంత దూరం వెళితే లోపల ఏమీ కనపడలేదు." నిజమే, కనపడదు. మూలవిరాట్టు లేదు, హారతి లేదు, తీర్థం లేదు, శఠగోపం లేదు. సూర్యదేవత అమతెరసు అమ్మవారికి ప్రతీక ఒక అద్దం. దాన్ని ఎవరికీ చూపించరు. ఒకదాని లోపల ఒకటిగా కంచెలు, వాటి ముందు ఒక తెల్లటి పట్టు తెర. మనం ఆ తెర దగ్గరే ఆగిపోవాలి. కళ్లతో దర్శనం కోసం వెళితే నిరాశే మిగులుతుంది. అక్కడ ముఖ్యం చూడటం కాదు, చేయడం. అందుకే ఈ రోజు ఏ వరసలో ఏం చేయాలో, ఎందుకు అలా చేస్తారో చెప్తాను.

ఇసే అంటే ఒక గుడి కాదు. పెద్దవీ చిన్నవీ కలిపి 125 ఉన్నాయి. వాటిలో ప్రధానమైనవి రెండు: అమతెరసు ఉండే నైకూ, ఆమెకు ఆహారం సమకూర్చే తొయోఉకే దేవత ఉండే గెకూ. ముందు గెకూ, తర్వాత నైకూ. పూజలు ఈ వరసలోనే జరుగుతాయి కాబట్టి యాత్రికులు కూడా ఇదే పాటిస్తారు. ఇసెషి స్టేషన్ నుంచి గెకూకి నడక అయిదు నిమిషాలు. అక్కడి నుంచి నైకూకి బస్సులో పావుగంట, ఇరవై నిమిషాలు. తొందరలో ఉన్నవాళ్లు గెకూని వదిలేసి నేరుగా నైకూకి వెళ్లిపోతుంటారు. నన్నడిగితే వాళ్లు సగం యాత్ర పోగొట్టుకున్నట్టే.

ఎందుకంటారా? గెకూలో మికెదెన్ అనే చిన్న కట్టడం ఉంది. అక్కడ రోజుకి రెండుసార్లు దేవతలకు భోజనం పెడతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పొద్దున ఎనిమిదికీ సాయంత్రం నాలుగుకీ, మిగతా నెలల్లో తొమ్మిదికీ మూడుకీ. ఈ ఆచారం సుమారు 1,500 ఏళ్లుగా సాగుతోందని చెప్తారు. నిప్పు కోసం అగ్గిపుల్ల వాడరు. చెక్క మీద చెక్కను తిప్పి రాజేస్తారు, మన యజ్ఞాల్లో అరణి మథించినట్టు. వడ్డన: అన్నం మూడు గిన్నెలు, ఎండబెట్టిన బొనిటో చేప, తాజా చేప, సముద్రపు నాచు, కూరగాయలు, పండ్లు, ఉప్పు, నీళ్లు, సాకే మద్యం మూడు గిన్నెలు. ఉప్పు కూడా కొన్నది కాదు. ఉప్పు మడిలో తీసిన ఉప్పును త్రికోణపు మట్టి మూసల్లో కూరి, గట్టి బిళ్లలయ్యేలా కాలుస్తారు. వంట చేసే అర్చకులు ముందు రాత్రి నుంచే లోపల ఉండి, స్నానం చేసి మడితో దిగుతారు. "మడి" అన్న మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. మైల సంగతీ అంతే. ఇంట్లో ఎవరైనా పోతే దాదాపు 50 రోజులు షింతో గుడికి వెళ్లకపోవడం ఆనవాయితీ. ఏటిసూతకం ఎరిగిన మనకు ఇది కొత్తేమీ కాదు.

ఇక నడక. తోరీ, అంటే ఆ కర్ర ద్వారం కింద నుంచి వెళ్లేముందు ఒకసారి తల వంచాలి. దారి నడిమధ్య దేవుడిది, మనం పక్కనుంచి నడవాలి. గెకూలో ఎడమ పక్క, నైకూలో కుడి పక్క. చేతులు కడుక్కునే నీళ్లు ఎటు ఉన్నాయో దాన్ని బట్టి వచ్చిన అలవాటు ఇది. చెప్పులు విడవక్కర్లేదు. దారంతా గులకరాళ్లు, ఎత్తు మడమల చెప్పులు వేసుకెళ్తే ఇబ్బంది. ప్రదక్షిణ లేదు, కొబ్బరికాయ లేదు.

చేతులు కడుక్కునే చోట ఎక్కువ తప్పులు జరుగుతాయి. పొడుగు కాడ ఉన్న చిన్న గరిటె ఉంటుంది. ఒక్కసారే ముంచుకోవాలి, ఆ నీళ్లతోనే అన్నీ అవ్వాలి. కుడిచేత్తో గరిటె పట్టుకుని ఎడమచెయ్యి కడగండి. చెయ్యి మార్చి కుడిచెయ్యి కడగండి. మళ్లీ కుడిచేతికి తీసుకుని, ఎడమ అరచేతిలో కాస్త పోసుకుని, ఆ నీళ్లతో నోరు పుక్కిలించండి. గరిటెను నోటికి ఆనించకూడదు. పుక్కిలించినవి తొట్టి బయట, కిందికి వంగి వదలండి. మళ్లీ ఎడమచెయ్యి కడిగి, చివరగా గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు కాడ మీదుగా జారి, మీరు పట్టుకున్న చోటు శుభ్రమవుతుంది. మొదటి చేతికే సగం పైగా పోసేస్తే చివరికి కాడ కడగడానికి నీళ్లుండవు. అందుకే మొదట్నుంచీ కొంచెం కొంచెం వాడండి. గరిటెలు లేనిచోట ధార కిందే ఇవన్నీ చేయండి. నైకూలో అయితే ఇసుజు నది ఒడ్డున మెట్లు దిగి నదిలోనే కడుక్కోవచ్చు. మబ్బు లేని పొద్దున అది చాలా బాగుంటుంది. వాన పడ్డాక రాళ్లు జారతాయి.

గుడి ముందు రెండుసార్లు నడుం దాకా వంగాలి, రెండుసార్లు చప్పట్లు కొట్టాలి, మనసులో చెప్పుకోవాలి, మళ్లీ ఒకసారి వంగాలి. చప్పట్లప్పుడు కుడిచెయ్యి కాస్త కిందికి జరిపితే శబ్దం బాగా వస్తుంది. ఇజుమో అనే మరో పెద్ద షింతో గుడిలో నాలుగు చప్పట్లు, ఇక్కడ రెండే.

కోరికల విషయంలో ఒక మాట. పూర్వం ఇక్కడ చక్రవర్తి తప్ప మరెవరూ కానుక సమర్పించకూడదనే నియమం ఉండేది. ఆ ఛాయ ఇంకా పోలేదు. ప్రధాన ఆలయంలో కృతజ్ఞత చెప్పుకుంటారు. సొంత కోరికలుంటే గెకూలో 98 రాతి మెట్లెక్కి తకా నో మియ దగ్గర, నైకూలో అరమత్సురి నో మియ దగ్గర చెప్పుకుంటారు. వేరే గుళ్లలో దొరికే జాతకం చీటీలు ఇక్కడ ఉండవు. ఇసే చేరుకోవడమే ఒక అదృష్టం, ఇంక చీటీ ఎందుకని వాళ్ల వివరణ.

నైకూలో ప్రధాన ఆలయం మెట్లెక్కాక ఫోటోలు తీయకూడదు. కింద నిలబడి తీసుకోవచ్చు. గాలి వీచినప్పుడు ఆ తెల్ల తెర కొంచెం లేస్తుంది, లోపలి గులకరాళ్ల ముంగిలి ఒక్క క్షణం కనిపిస్తుంది. అంతకు మించి ఏమీ కనపడదు. పొద్దున అయిదుకే తెరుస్తారు. మూసే సమయం నెలను బట్టి సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా మారుతుంది. రద్దీ లేకుండా కావాలంటే ఎనిమిదిలోపు వెళ్లండి.

ఇప్పుడు అసలైన విషయం, షికినెన్ సెంగూ. ఇరవై ఏళ్లకోసారి ఈ ఆలయాల్ని పక్క స్థలంలో మళ్లీ కొత్తగా కట్టి, దేవతను అందులోకి తీసుకెళ్తారు. మొదటిది 690లో, జితో మహారాణి కాలంలో. మధ్యలో యుద్ధాల వల్ల నైకూలో నూట ఇరవై ఏళ్లకు పైగా ఆగిపోయి, 1585లో మళ్లీ మొదలైంది. 2013లో జరిగింది 62వది, రాబోయేది 2033లో. తిరుమలలో పన్నెండేళ్లకోసారి బాలాలయం ఏర్పాటు చేసి, పని అయ్యాక స్వామిని మళ్లీ మూలస్థానానికే తెస్తారు. ఇక్కడ వెనక్కి రావడం ఉండదు. పాత గుడే పోతుంది.

ఇరవై ఏళ్లే ఎందుకు? దానికి చాలా వివరణలున్నాయి. కళ్లకు కనపడేది మాత్రం కట్టడమే. హినోకి అనే సైప్రస్ కర్ర, రంగూ లక్కా లేదు. స్తంభాలకు రాతి పునాది లేదు, నేరుగా మట్టిలో పాతేస్తారు. పైన రెల్లు కప్పు. మన పల్లెల్లో పూరిల్లు వేసినవాళ్లకు తెలుసు, నేలలో పాతిన గుంజ మొదలు ఎంతకాలం నిలుస్తుందో, చూరు ఎప్పుడు చివుకుతుందో. పెంకు వేసుకోవచ్చు కదా అంటే, ఆ రోజుల్లో పెంకుటిల్లంటే బౌద్ధ విహారం. ఇసే దేవతను సేవించే రాజకుమారి నివాసంలో బౌద్ధ పదాలు పలకడమే నిషిద్ధం. విహారాన్ని "పెంకుల కప్పు" అనేవారు, గుండు చేయించుకున్న భిక్షువుని "పొడుగు జుట్టు" అని తిరగేసి చెప్పేవారు.

ఒక్కో సెంగూకి పదివేలకు పైగా దుంగలు కావాలి. 63వ దానికి 2025లోనే పనులు మొదలై, కిసో అడవిలో మొదటి చెట్లు కొట్టారు. రంపం వాడరు. చెట్టు మొదలు దగ్గర మూడు వైపుల నుంచి గొడ్డళ్లతో తొలుస్తూ పోతే చెట్టు మూడు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. చివరికి ఒక కాలు తెంచితే అనుకున్న వైపుకే, చీలకుండా పడుతుంది. తర్వాత ఆ చెట్టు చిటారు కొమ్మనే నరికిన మోడులో గుచ్చి నమస్కరిస్తారు.

పాత కర్రను పారేయరు. ప్రధాన ఆలయం నిట్రాడుల్ని చెక్కి, నైకూకి వెళ్లే దారిలోని ఉజి వంతెన రెండు కొసల్లో ఉన్న తోరీలుగా నిలబెడతారు. అక్కడ ఇరవై ఏళ్లు నిలిచాక వాటిని సెకి, కువన ఊళ్ల తోరీలకు పంపుతారు. నిట్రాడుగా ఇరవై, వంతెన దగ్గర ఇరవై, ఆ ఊళ్లలో ఇరవై, ఒకే కర్రకు అరవై ఏళ్ల పని. వంతెనను సెంగూకి నాలుగేళ్ల ముందే మారుస్తారు. గతసారి 2009లో మార్చారు.

2013 అక్టోబరు 2 రాత్రి ఎనిమిదికి, దీపాలన్నీ ఆర్పేసి, అర్చకులు కోడికూత అనుకరిస్తూ మూడుసార్లు పిలిచాక, తెల్లటి తెరల మధ్య నైకూ దేవతను కొత్త గుడికి నడిపించారు. ఆ తర్వాత కొన్ని నెలలు రెండు గుళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నాచు పట్టి నల్లబడింది, ఇంకొకటి బియ్యప్పిండి రంగులో ఉంది.