గది చల్లబడిందా? ముందు నా మీటర్ల సంగతి చూడండి

అందరికీ నమస్కారం. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ, అంటే ఇంటి పైకప్పులు చల్లగా ఉంచాలనే విధానం, తెచ్చినప్పటి నుంచి ఎండని వెనక్కి కొట్టే ఈ తెల్ల పెయింట్ గురించి అడగని వాళ్లు లేరు. మా మేడ మీద రెండు గదులుంటే, ఒకదాని స్లాబుకే వేయించాను. అయితే ఇవాళ రివ్యూ పెయింట్‌కి కాదు, దాన్ని కొలిచిన రెండు పరికరాలకి.

మొదటిది ఈ ఇన్‌ఫ్రారెడ్ గన్. మిట్టమధ్యాహ్నం మేడ మీది రేకుల షెడ్డుకి గురిపెడితే 38 డిగ్రీలు చూపించింది. చెయ్యి పెట్టి చూశానండీ, చుర్రుమంది! 38 అంటే కాస్త జ్వరమొచ్చిన ఒంటి వేడి, అంతే కదా. మరి ఈ లెక్కేంటి? గన్ నేరుగా వేడిని కొలవదు. వస్తువు నుంచి వచ్చే పరారుణ కిరణాలు చూసి అంచనా కడుతుంది. ఆ వస్తువు ఎమిసివిటీ, అంటే ఆ కిరణాలని వెదజల్లే సామర్థ్యం (గరిష్ఠం 1), 0.95 అని ముందే అనుకుంటుంది. మెరిసే జింకు రేకుకి అది చాలా తక్కువ, పైగా చల్లటి ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, కాసేపాగి దాని మీద కొలిస్తే 57. నలుపు కదా, టేప్ కాస్త ఎక్కువ ఎండ పీలుస్తుంది, అదీ లెక్కలో ఉంచుకోండి.

కాంక్రీటు, తెల్ల పెయింట్ రెండిటి ఎమిసివిటీ 0.9 దగ్గరే కాబట్టి వాటిని పోల్చడానికి గన్ పర్లేదు. సిల్వర్ పెయింట్‌కి మాత్రం వద్దు.

ఇక రెండోది, గదుల్లో గాలి ఉష్ణోగ్రత కొలవడానికి పెట్టిన డీహెచ్‌టీ22 సెన్సర్లు. పెయింట్ వేసిన గదిలో 33.1, వేయని గదిలో 33.8. నిజం చెప్పాలంటే, 0.7 తగ్గిందని అప్పుడే థంబ్‌నెయిల్ కూడా చేసేశాను. తర్వాత డేటాషీట్ చూస్తే ఒక్కోదాని కచ్చితత్వం ±0.5. రెండు పొరపాట్లని వర్గం చేసి కలిపి వర్గమూలం తీస్తే 0.7 వస్తుంది. అంటే నాకు దొరికిన తేడా, మీటర్లు తప్పగలిగే తేడా ఒక్కటే!

రాత్రంతా రెండిటినీ ఒకే థర్మోకోల్ పెట్టెలో పెట్టాను. పెయింట్ గది సెన్సర్ 0.4 తక్కువ చూపించింది. అది తీసేస్తే మిగిలింది 0.3. థంబ్‌నెయిల్ డిలీట్ చేశాను.

కొనొచ్చా అంటే, కొనండి. కానీ జతగా కొని, ముందు ఒకే పెట్టెలో పెట్టి చూడండి. నేనిప్పుడు సెన్సర్లని అటుదిటు, ఇటుదటు మార్చాను. వారం రీడింగులు రాగానే ఆ గ్రాఫ్ చూపిస్తాను.