ఫోన్-ఇన్: స్టేటస్‌లో చీర పెడితే ఒక్కరూ రేటు అడగరు మేడం

(ఆదివారం పొద్దున ప్రోగ్రాం, రికార్డింగ్ విని టైప్ చేసింది. లైన్ సరిగా లేనిచోట చుక్కలు పెట్టాను. చీరల ఆయనకే సగం టైం పోయింది, నాకు అదే బాగా నచ్చింది కాబట్టి ఏమీ కొయ్యలేదు.)

యాంకర్: ...స్టూడియోలో మేడం ఉన్నారు, అనంతపురంలో కంప్యూటర్ లెక్చరర్. టాపిక్ తెలుసు కదా, వాట్సాప్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ వచ్చినాక మన మాటలు, మన ఊరు, మన వ్యాపారం ఎట్లా మారినాయని. ఫస్ట్ కాలర్, హలో?

కాలర్ (ఆదోని): నమస్తే అమ్మా, రిటైర్డ్ టీచర్ని. మా వీధి గ్రూపుకి నన్నే అడ్మిన్ చేసినారు. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తాది, కరెంటు ఎప్పుడు పోతాది, దానికోసం పెట్టుకున్న గ్రూపు అది. ఇప్పుడు పొద్దున్నే నూటయాభై గుడ్ మార్నింగ్ పూలు, వాటి కింద ట్యాంకర్ మెసేజ్ యాడో మునిగిపోతాది. మొన్న పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతాండారని ఒకాయన పెట్టినాడు, రెండు రోజులు పిల్లోళ్లని బడికి పంపలేదమ్మా.

మేడం: ఆ మెసేజ్ పాతదే సార్. 2018లో దేశమంతా ఇదే తిరిగింది, అమాయకుల్ని కొట్టి చంపేశారు కూడా. ఆ తర్వాతే వాట్సాప్ వాళ్లు మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా చేశారు. మీరు గ్రూప్ సెట్టింగ్స్‌లోకి పోయి అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చేయండి. పూలకు ఇంకో గ్రూపు పెట్టుకోమనండి.

కాలర్: అట్ల చేస్తే ఈయప్పకు గర్వం అంటారమ్మా.

మేడం: అననీండి సార్. ట్యాంకర్ టైముకు అందితే వాళ్లే మర్చిపోతారు.

యాంకర్: థాంక్యూ మాస్టారూ. నెక్స్ట్ కాలర్.

కాలర్ (ధర్మవరం): హలో... హలో మేడం, వినపడతాందా? మాది ధర్మవరం, పట్టుచీరలు నేస్తాము, మా నాయన కాలం నుంచి మగ్గమే. మా పాప డిగ్రీ, ఆయమ్మే చెప్పింది నాయనా స్టేటస్‌లో పెడదామని, సరే అని పెడితిమి. దినామూ పెడతాండాము. నలభై యాభై మంది చూస్తారు, పేర్లతో సహా కనపడతాది కదా, ఒగరు కూడా ఎంతప్పా అని అడిగినోళ్లు లేరు. ఏల మేడం?

మేడం: చూసేదెవరండీ?

కాలర్: అంతా మావోళ్లే. మా బామ్మర్ది, పక్కింటాయప్ప, మగ్గానికి అచ్చు అతికే ఆయప్ప, పట్టుకు రంగులేసే ఆయప్ప...

మేడం: కమ్మరి వీధిలో సూదులమ్మినట్టుంది. (నవ్వు) వాళ్ల నంబరు మీ ఫోన్లో, మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయ్యుంటేనే స్టేటస్ కనపడేది. కొనేవాళ్లకి అసలు మీరు కనపడటమే లేదు. మీ వెనకాల ఆ టకటకమనేదేంటి, మగ్గమేనా?

కాలర్: మా ఇంటామె నేస్తాంది. ఆపమంటారా?

మేడం: వద్దొద్దు, ఆ చప్పుడుతోనే చిన్న వీడియో తీసి ఇన్‌స్టాలో రీల్ పెట్టండి. అది మీ నంబరు లేనివాళ్లకి కూడా పోతుంది. పవర్‌లూమ్ చీర తెచ్చి ధర్మవరం చేనేత అని అమ్మేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు కదా, వాళ్ల దగ్గర గుంట మగ్గం ఎక్కడిది? చీర తిప్పి వెనకవైపు చూపించండి. అంచు చివర సూదిపోటు బెజ్జాలు పడుంటాయి కదా, అవి కూడా చూపించండి. అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ ట్యాగ్ ఉంటే దగ్గరగా ఫోటో తీయండి. ట్యూబ్‌లైట్ కింద మాత్రం తీయొద్దు, జరీ మెరిసి అసలు రంగు తెలీదు, పొద్దున వాకిట్లో ఎండ నేరుగా పడనిచోట తీయండి. మీ ఫోన్ నంబరు ఫోటో మూలన రాస్తే కత్తిరించేసి వేరేవాళ్లు వాడుకుంటారు, చీర మధ్యలో పడేలా రాయండి.

కాలర్: అది అయిపోయింది మేడం. మా చీర ఫోటో ఎవురో హైదరాబాదులో పెట్టి అమ్ముకుంటాండారంట, మా పాపే చూసింది. దాంట్లో మా తలుపు కనపడతాంది, పసుపు రాసిన గడప కూడా! అదొకటి. ఇంగొకటి ఏమంటే మా షావుకారి... చెప్పొచ్చా ఇది?

మేడం: చెప్పండి, పేరు వద్దు.

కాలర్: పట్టు, జరీ ఆయప్పే ఇస్తాడు, మాకు కూలి. స్టేటస్‌లో నేను రేటు ఏసినాను కదా, ఆయప్ప చూసినాడు. మర్నాడు వార్పు, అదే మగ్గానికెక్కించే నిలువు పోగులు, ఇయ్యలేదు. పదైదు దినాలు మగ్గం ఖాళీ.

మేడం: ఒక్క నిమిషం. మీరు పెట్టిన చీరల్లో మీ సొంత పట్టుతో నేసినవి ఎన్ని?

కాలర్: ...ఒగటి.

మేడం: మిగతావి?

కాలర్: షావుకారివే మేడం. ఊరికే చూపించినాము, ఇట్లాంటివి నేస్తామని.

మేడం: రేటు వేసి ఊరికే చూపించినామంటే ఎవరైనా ఒప్పుకుంటారా అండీ? ఆయన పట్టు, ఆయన డిజైను. ఇదివరకు కొనేవాళ్లెవరో మీకు తెలీదు, మీరెవరో వాళ్లకి తెలీదు, మధ్యలో ఆయనొక్కడే. ఇప్పుడు మీ ఫోను ఆయన్ని దాటి పోతోంది, భయం ఉంటుంది. ఆయన చేసింది మంచిదని నేననట్లేదు, పదిహేను రోజులు కూలి ఎగ్గొట్టడం ఏం న్యాయం. కానీ ఆయన చీరలు తీసేయండి. మీ సొంతది ఒక్కటే పెట్టండి, అది అమ్మి ఇంకోదానికి పట్టు కొనుక్కోండి. వాట్సాప్ బిజినెస్ అని వేరే యాప్, ఫ్రీ, దాంట్లో కేటలాగ్ అని ఉంటుంది, చీర, రేటు, కొలత అన్నీ అక్కడ పెట్టొచ్చు.

కాలర్: అదీ పెడితిమి మేడం. దాంతోనే ఒగాయప్ప దొరికినాడు. మిలిటరీ అన్నాడు, ఆరు చీరలు కావాలన్నాడు, బేరం కూడా ఆడలేదు...

మేడం: అయ్యో.

కాలర్: నమ్మకానికి ముందు ఒగ రూపాయి ఏసినాడు, వచ్చింది. మళ్లా క్యూఆర్ పంపి దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టు, అడ్వాన్స్ పడతాదన్నాడు. కొడితిని. తొమ్మిదిన్నర వేలు పాయ.

మేడం: వినేవాళ్లంతా వినండి. డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు. స్కాన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు బయటికి పోతున్నట్టే. ఎన్ని రోజులైంది?

కాలర్: పది దినాలు.

మేడం: కంప్లైంట్ ఇచ్చారా?

కాలర్: లేదు మేడం, సిగ్గాయ. చదువుకున్న పాప ఉండి కూడా ఇట్లా చేస్తివా అంటారు.

మేడం: దొంగకి లేని సిగ్గు మీకెందుకండీ! 1930 అని ఉంది, సైబర్ మోసాలకే ఆ నంబరు. వెంటనే చేసుంటే డబ్బు ఇంకో ఖాతాలోకి దాటకముందే ఆపే వీలుంటుంది. ఇప్పుడైనా చేయండి, బ్యాంకులో కూడా రాసివ్వండి. ఇకమీదట తెలియనివాళ్లు పెద్ద ఆర్డర్ ఇస్తే వీడియో కాల్ చేసి మనిషిని చూడండి. బేరం ఆడకుండా పట్టుచీర కొనేవాణ్ణి మీరెప్పుడైనా చూశారా?

కాలర్: లేదు మేడం, నిజమే... మరి స్టేటస్ నలభై మంది చూస్తాండారు కదా, అడగరేల?

మేడం: (నవ్వు) ఇప్పుడే కదా చెప్పాను సార్! మీ పాపని రికార్డు పెట్టి మళ్లీ వినమనండి.

యాంకర్: అన్నా, చాలామంది వెయిటింగ్‌లో ఉన్నారు, థాంక్యూ. కడప నుంచి, హలో?

కాలర్ (కడప): మేడం, మా ఆడబిడ్డ సీమంతం కార్డు ఫ్యామిలీ గ్రూపులో పెట్టినాను. మా పెద్దత్త చూసి, గ్రూపులో నుంచి లెఫ్ట్ అయిపోయింది. ఫోన్ ఎత్తట్లేదు.

మేడం: బొట్టు పెట్టి పిలవలేదా?

కాలర్: ఉండేది ప్రొద్దుటూరులో మేడం, అందరికీ తిరగాలంటే యాడవుతాది?

మేడం: కార్డు పంపితే కబురు చెప్పినట్టు అంతేనమ్మా, పిలిచినట్టు కాదు. అందరికీ తిరగొద్దు, ఆమె ఒక్కామెకి పోయి పెట్టిరా, గంటన్నర బస్సు. అన్నట్టు నీకూ చెప్తున్నా, డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు.

కాలర్: నాకు ఫోన్‌పేనే లేదు మేడం.

యాంకర్: (నవ్వు) థాంక్యూ అమ్మా. పత్తికొండ నుంచి రైతు ఉన్నారు.

కాలర్ (పత్తికొండ): మేడం, టమోటా రేట్ల గ్రూపులో ఉండాను. రాత్రి ఫలానా మార్కెట్లో బాక్స్ రేటు బాగుందని పెడతారు, తెల్లారి అందరం అక్కడికే తోలుకపోతాం, పోయేసరికి రేటు సగం. గ్రూపు లేనప్పుడే మేలనిపిస్తాది...

మేడం: గ్రూపులో వచ్చింది నిన్నటి రేటండీ, అదీ మంచి కాయకు. బండి ఎత్తకముందు మండీకి మీరే ఫోన్ చేసి, ఎన్ని బండ్లు దిగాయో అడగండి. రేటు కంటే ఆ లెక్క...

కాలర్: వాళ్లు నిజం చెప్తే కదా మేడం... హలో... (లైన్ కట్)

యాంకర్: లైన్ పోయింది. టైం కూడా అయిపోవచ్చింది, లాస్ట్ కాల్. హలో?

కాలర్: హలో, నేనే మేడం, ధర్మవరం. పెన్ను దొరకలేదు ఇందాక. 1903 అంటిరా, 1930 అంటిరా?

మేడం: 1930 సార్. పంతొమ్మిది ముప్పై. రాసుకున్నారా?

కాలర్: గోడ మీద రాసినా మేడం.