వరి జబ్బులు, మినుము జబ్బులు: మిషన్ ట్రిప్పుకి వెళ్ళే ముందు

అందరికీ వందనాలండీ. చర్చి తరఫున ఆఫ్రికాకి మెడికల్ మిషన్ ట్రిప్పు అనగానే మనవాళ్ళు నన్ను మొదట అడిగేది, “మందులు ఎన్ని కిలోలు పట్టుకెళ్ళాలి?” అని. నర్సమ్మలూ అదే అడుగుతారు, పాస్టరుగార్లూ అదే అడుగుతారు. మందుల షాపులో కూర్చునే మనిషిని కాబట్టి నన్ను అడగడం సహజమే. కానీ ఆ మాట వినగానే నాకు చిరాకొస్తుంది. ఎందుకో ఇవాళ చెప్పేస్తాను.

డెల్టా వాళ్ళం కదా, పొలం మీదే చెప్పుకుందాం. సార్వా వరికి నాట్లు వేసింది మొదలు గింజ పాలుపోసుకుని గట్టిపడేదాకా నీళ్ళు అందుతూనే ఉండాలి. అదే మినుము అయితే వరి కోతకి ముందు చేలో చల్లేసి వదిలేస్తాం. ఉన్న పదును మీదే పండిపోతుంది. జబ్బులూ అంతే. కొన్ని వరి జబ్బులు, మందు ఎడతెగకుండా అందుతూనే ఉండాలి. కొన్ని మినుము జబ్బులు, ఒక్కసారి వైద్యంతో చాలామటుకు తేలిపోతాయి. పది రోజులకి వెళ్ళేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది మనం ఏ పంటకి వెళ్తున్నామని.

బీపీ వరి. షుగరు వరి. మూర్ఛ, టీబీ, హెచ్ఐవీ అన్నీ వరే. టీబీకి మామూలుగా ఆరు నెలల కోర్సు ఉంటుంది, హెచ్ఐవీకి జీవితాంతం మందులు వాడాలి.

ఉగాండాలో ఒక పల్లె అనుకోండి. చెట్టు కింద బల్ల వేసి కూర్చున్నాం. ఒక పెద్దావిడ వచ్చింది, బీపీ 180/110 ఉంది. మనం ఏం చేస్తాం? చిన్న కాగితం కవర్లో ఆమ్లోడిపిన్ బిళ్ళలు 30 పోసి, కవరు మీద పెన్నుతో సూర్యుడి బొమ్మ గీసి, పొద్దున్న ఒకటి అని వేలు చూపించి, పక్కన నిలబడి ఫొటో దిగి పంపేస్తాం. 31వ రోజు సంగతేంటి? నాట్లేసి, ఒక్క తడి పెట్టి, లాకులు మూసేసినట్టే. బీపీ మళ్ళీ మొదటికొస్తుంది. అదే అటెనోలాల్ లాంటి ఇంకో బీపీ మందు ఇచ్చి ఉంటే, గుండెజబ్బు ఉన్న మనిషికి ఆ మందు హఠాత్తుగా ఆగిపోవడమే ప్రమాదం. మూర్ఛ బిళ్ళ ఆగితే ఫిట్స్ తిరగబెడతాయి. పైరు ఎండిపోయాక శివారు రైతు ఎవర్ని అడగాలి? నీళ్ళు వదిలినాయన విమానం ఎక్కేశాడాయె.

మినుము జబ్బుల సంగతి వేరు. శుక్లం ఆపరేషన్, గ్రహణం మొర్రి, హైడ్రోసీల్, పుచ్చిపోయిన పన్ను. మెర్సీ షిప్స్ అని 1978లో మొదలైన క్రైస్తవ సంస్థ ఒకటుంది. ఓడలోనే ఆసుపత్రి. ఆఫ్రికా రేవుల్లో నెలల తరబడి ఆగి, ఎక్కువగా ఆపరేషన్లే చేస్తారు. వాలంటీర్లకి జీతం లేదు సరికదా, తమ ఖర్చులు తామే పెట్టుకుంటారు. నాకు నచ్చింది వాళ్ళ త్యాగం కంటే వాళ్ళు పంటని ఎంచుకున్న తెలివి.

అయినా మినుముకీ పల్లాకు తెగులు వస్తుందిగా! శుక్లం తీశాక మర్నాడు కట్టు విప్పి చూడాలి. కొన్ని వారాలు చుక్కలు వేయాలి. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే ఆ రోజే చూసేవాళ్ళుండాలి, లేదంటే ఉన్న చూపు కూడా పోవచ్చు. ఏ పంటకైనా గట్టు మీద ఒక మనిషి ఉండాల్సిందే.

మన కాలవల మీద ఆ మనిషి లస్కరు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేశాడు, నిజమే. కానీ ఇవాళ షట్టరు ఎత్తేదీ దించేదీ, రాత్రిపూట గండి పడిందేమో చూసుకునేదీ లస్కరే. (దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి, లస్కరుకి ఒక్కటీ లేదు. ఆ గొడవ ఇంకో వీడియోలో.) ఉగాండాలో లస్కరు ఎవరంటే అక్కడి మిషన్ ఆసుపత్రి నర్సు, డాక్టరు పనులు చాలావరకు చూసుకునే క్లినికల్ ఆఫీసరు. కంపాలాలో మెంగో ఆసుపత్రిని 1897లో ఆల్బర్ట్ కుక్ అనే మిషనరీ డాక్టరు మొదలుపెట్టాడు. ఆయన అక్కడే ఉండిపోయి 1951లో అక్కడే కన్నుమూశాడు. ఆయన భార్య కేథరిన్ నర్సు, స్థానిక అమ్మాయిలకి కాన్పులు చేయడం నేర్పించింది. మన నరసాపురానికి 1830లలో వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలూ రిటర్న్ టికెట్ పెట్టుకుని రాలేదు. మనకి ఉద్యోగాలు, పిల్లలు, ఈఎంఐలు ఉన్నాయి, వాళ్ళలా ఉండిపోలేం. అలాంటప్పుడు ఉండిపోయినవాళ్ళ చేతి కింద పనిచేయాలి. నేను చెప్పేది ఇంతే.

ముందు మీరు వెళ్ళేచోట ఉన్న మిషన్ ఆసుపత్రికి రాసి, మీకు ఏం కావాలని అడగండి. మందులు కాకుండా ఆటోక్లేవు (ఆపరేషన్ సామాన్లు ఆవిరితో శుద్ధి చేసే మిషను) బాగుచేసే మెకానిక్కు కావాలనొచ్చు. వాళ్ళ ల్యాబ్ కుర్రాడికి ఒక పరీక్ష నేర్పమనొచ్చు. అది నేర్పితే మీరు వచ్చేశాక కూడా కాలవ పారుతుంది. బీపీ ఉన్న ఆ పెద్దావిడని కూడా చెట్టు కింద నుంచి పంపేయకుండా, ఆ ఆసుపత్రి రిజిస్టర్లో పేరు ఎక్కించండి. అక్కడ దొరికే మందే రాయించండి.

ఇక మందుల పెట్టె. మందుల విరాళాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అడగని మందు పంపకూడదు. మందు ఆ దేశం చేరేసరికి ఎక్స్‌పైరీకి కనీసం ఏడాది ఉండాలి. డాక్టర్లకి వచ్చే ఫ్రీ శాంపిళ్ళు, ఎవరో వాడగా మిగిలిన స్ట్రిప్పులు అసలు పనికిరావు. మనవాళ్ళు పోగేసేవి సరిగ్గా అవే! మురుగు కాలవ నీళ్ళు పంట కాలవలోకి తిప్పడమంటే ఇదేనండీ. పైగా ఉగాండాలోకి మందులు తీసుకెళ్ళాలంటే అక్కడి నేషనల్ డ్రగ్ అథారిటీ అనుమతి ఉండాలి. ట్రమడాల్, కోడీన్ లాంటి మత్తు గుణమున్న మందులు సూట్‌కేసులో పడేసుకుని ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడొద్దు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఇక్కడి నర్సింగ్ రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. తాత్కాలిక లైసెన్సుకి అక్కడి కౌన్సిల్‌కి ముందే దరఖాస్తు పెట్టాలి, ఆసుపత్రివాళ్ళే దారి చెప్తారు. ప్రార్థన చేయండి, తప్పేం లేదు. కానీ ప్రార్థన వింటేనే మందు ఇస్తారన్న భయం వరసలో నిలబడ్డవాళ్ళకి కలగకూడదు. నా మట్టుకు నాకు అది ఎక్స్‌పైరీ మందు కంటే పెద్ద తప్పు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. సర్టిఫికెట్ పది రోజుల తర్వాతే చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా తిరిగొస్తే ఇక్కడే క్వారంటైన్‌లో కూర్చోబెట్టొచ్చు. గుడ్డు పడనివాళ్ళు ఆ సంగతి టీకా వేసేవాళ్ళకి ముందే చెప్పండి. విక్టోరియా సరస్సులో మాత్రం దిగకండి. గోదావరోళ్ళం, నీళ్ళు చూస్తే కాలు ఆగదు, నాకు తెలుసు. కానీ ఆ నీళ్ళల్లో నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా పురుగు చర్మంలోంచే లోపలికి దూరుతుంది.

మలేరియా రాకుండా డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి, విమానం దిగగానే మానేయొద్దు. వచ్చాక ఎప్పుడు జ్వరం తగిలినా వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని ఊరుకోకండి. ఉగాండా వెళ్ళొచ్చానని చెప్పి, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి. ఉంటానండీ మరి.